పీత ఫైలు

కూర్మనాథం నందిగాంలో గుమాస్తా. ఇరవై ఏడేళ్లుగా కాగితాల మధ్య బతికి బతికి, ఇంట్లో ఏ వస్తువుకు జబ్బు చేసినా దానికొక ఫైలు తెరవడం ఆయనకు అలవాటైపోయింది. గ్రైండరుకు ఒకటుంది, బోరు మోటారుకు ఒకటుంది. అన్నిట్లోకీ లావుపాటిది మాత్రం పీత ఫైలు.

పీత అంటే ఏటీవీ. నాలుగు ఉబ్బు చక్రాలు, బైకు హ్యాండిలు, ముందూ వెనకా సామాను కట్టుకునే ఇనప చట్రం. సముద్రపు ఒడ్డున సరదా సవారీలు తిప్పే కంపెనీ ఒకటి మూతపడితే, రెండేళ్ల కిందట ఆయన దాన్ని సెకండ్ హ్యాండులో తెచ్చాడు. కొనడానికి కారణం ఉంది. వాళ్లది ఉద్దానంలో, కాశీబుగ్గ నుంచి సముద్రం వైపు వెళ్లే దారిలో చిట్టచివరి ఊరు. అక్కడి నుంచి తోటకు రెండు కిలోమీటర్లు, దారంతా మడమ దిగబడే ఇసుక. తిత్లీ తుఫానుకు పాత జీడిచెట్లు కూలిపోతే కొత్త మొక్కలు వేశారు. వాటికి నీళ్లు మోయాలంటే బైకు పనికిరాదు. పీతయితే ఇసుక మీద చక్కగా పరుగెడుతుంది. పరుగెత్తిన రోజున.

ఇంటికి తెచ్చిన నాడు ఆయన వెనక సీటు గుడ్డతో తుడిచి, "ఎక్కు సూర్యా, తోట దాకా ఎళ్లొద్దాం" అన్నాడు.

సూర్యకుమారి నడుం మీద చెయ్యి వేసుకుని, వీధిలో పోగైన జనాన్ని ఒకసారి చూసి, "పీతను వండుకుంటారు గానీ ఎక్కుతారేటండీ?" అంది.

వీధంతా నవ్వింది. ఆయనా నవ్వాడు. నవ్వుతూనే ఆ గుడ్డను నాలుగు మడతలు పెట్టి జేబులో దాచుకున్నాడు. ఆ మడతలు ఆమెకు చాలాకాలం గుర్తుండిపోయాయి. అలాగని నోరు ఊరుకుంటుందా? ఆ రోజు నుంచి పీత ఆగిన ప్రతిసారీ ఆమె దగ్గర కొత్త మాట ఒకటి సిద్ధంగా ఉండేది.

ఇక అసలు సంగతి. వారం తిరక్కుండానే, ఆయన ఎనిమిది గంటల బస్సెక్కాక, సూర్యకుమారి తాళంచెవి పెట్టి చూసింది. ఊరికే, చూద్దామని. ఆ చూడడం ఇప్పటికి రెండేళ్లుగా సాగుతోంది. రోజూ నాలుగు క్యాన్ల నీళ్లు కట్టుకుని తోటకు పోవడం, మొక్కలకు పోయడం, పోసేసి ఇంటికి రాకుండా ఇసుక దిబ్బ ఎక్కి, ఇంజను ఆపి, సముద్రాన్ని చూస్తూ గుప్పెడు వేయించిన పల్లీలు తినడం. పెళ్లయ్యాక ఆమె తనకోసం తను చేసుకున్న పని అదొక్కటే. భర్తకు చెప్పాలంటే, ఆ రోజు వీధిలో అన్న మాట అడ్డొచ్చేది.

మరి ఊళ్లో ఎవరూ చెప్పలేదా అంటే, చెప్పలేదు. పక్కింటి మోహినితో మొదలుపెట్టి వీధిలోని ఆడవాళ్లందరూ ఒక్కొక్కసారి వెనక కూర్చుని దిబ్బ దాకా వెళ్లొచ్చినవాళ్లే. పీత ఎక్కినవాళ్లు నోరు విప్పరు.

తోటలో మొక్కలు ఏపుగా ఎదిగితే, తను ఆదివారాలు పోసిన నీళ్ల మహిమే అనుకునేవాడు కూర్మనాథం.

కథ ఇలా హాయిగానే సాగేది, సూర్యకుమారి టెక్కలిలో బీఎస్సీ కెమిస్ట్రీ చదవకుండా ఉంటే. ఉప్పుగాలికి పీత గొలుసు తుప్పు పడుతోంది. పడవ చెక్కకు ఉప్పునీళ్లు పట్టకుండా ఇక్కడివాళ్లు జీడితొక్కల నూనె పూస్తారు. పడవను కాపాడే నూనె పీతను కాపాడదా? మూడు వారాల కిందట ఒక డబ్బా తెప్పించి గొలుసుకు పట్టించింది. అంతటితో ఆగక, బొటనవేలితో నొక్కే యాక్సిలరేటరు మీట ఉందే, దాని కేబులు గొట్టంలోకి కూడా చుక్కలు చుక్కలుగా పోసింది. వేళ్ల నిండా బొబ్బలెక్కాయి. "పచ్చి జీడిపిక్కలు ఒలిచినానండీ" అని భర్తకు చెప్పింది.

జీడినూనె ఎండితే జిగురవుతుంది, జిగురు ముదిరితే తారవుతుంది. ఆ పాఠం చెప్పిన రోజు ఆమె కాలేజీకి వెళ్లినట్టు లేదు.

గురువారం సాయంత్రం కూర్మనాథం మీట నొక్కాడు. నొక్కింది నొక్కినట్టే ఉండిపోయింది. పీత ఆయన్ను మోసుకుని వీధి చివర మలుపు తిరగకుండా తిన్నగా మొగలిపొదలోకి పోయింది. సూర్యకుమారి ఆయన్ను అరుగు మీద కూర్చోబెట్టి, పిన్నీసుతో వీపులోంచి ముళ్లు తీస్తుంటే ఆయన అన్నాడు. "అమ్మీద్దాం సూర్యా. డొంకూరు నుంచి ఒకాయన ఎప్పట్నుంచో అడుగుతన్నాడు. నీకెలాగూ ఇష్టం నేదు కదా."

"ఊఁ" అంది ఆమె. ఇంకేమనగలదు? రెండేళ్లు పాడిన పాట అదే కదా.

మర్నాడు మీటను తడిమితే వేలికి నల్లటి జిగురు అంటుకుంది. తప్పు ఎవరిదో తెలిసిపోయింది. కిరసనాయిలు పోసి కడిగితే వదులుతుంది, అదీ తెలుసు. కానీ కడిగితే పీత బాగుపడుతుంది, బాగుపడితే అమ్ముడుపోతుంది. కడక్కపోతే వచ్చినవాడు చూసి వద్దంటాడు. రెండు రోజులు కూర కలుపుతూ ఆలోచించి, ఆమె కడక్కుండా ఊరుకుంది.

ఆదివారం మధ్యాహ్నం డొంకూరు దాలయ్య లగేజీ ఆటో మాట్లాడుకుని మరీ వచ్చాడు. అరవై దాటిన మనిషి, మోకాలికి పట్టీ. ఒడిశా సరిహద్దు మనిషి కావడంతో ఏం చెప్పినా "హఉ, హఉ" అని తలాడిస్తాడు. ఒడ్డు నుంచి వలలు లాక్కెళ్లడానికి ఆయనకు బండి కావాలి. వెనకే కాశీబుగ్గ మెకానిక్ అంద్రెయ కూడా దిగాడు, చర్చి నుంచి తిన్నగా, తెల్ల చొక్కాతో, చేతిలో బైబిలుతో. పీతలో సగం ఆటో భాగాలు, సగం బైకు భాగాలు. ఏది దేనిదో లోకంలో తెలిసినవాడు అతనొక్కడే.

"ఈ రోజు సామాను ముట్టుకోను బాబూ, ఆదివారం" అన్నాడు అంద్రెయ. "సూడ్డానికైతే సూత్తాను. సూడ్డం పని కాదు కదా."

చేతులు వెనక్కి కట్టుకుని పీత చుట్టూ ఒక ప్రదక్షిణ చేశాడు. హ్యాండిలు దగ్గర వంగి ముక్కు ఎగబీల్చాడు. "ఇది బండి వాసన కాదే. మా అమ్మ పని సేసిన జీడిబట్టీ వాసన." లేచి నిలబడుతూ, టీ పళ్లెం పట్టుకున్న సూర్యకుమారి వేళ్ల వైపు చూశాడు. వెంటనే ఆకాశం వైపు చూశాడు.

"ఏటంటన్నావు?" అన్నాడు కూర్మనాథం.

"ఏటీ నేదు బాబూ. గాలి."

కూర్మనాథం కళ్లజోడు పెట్టుకుని ఫైలు విప్పాడు. "దాలయ్యా, నేను దాపరికం నేని మనిషిని. దీని గుణాలన్నీ సెప్పీసి ఇత్తాను. తరవాత నన్నంటే ఊరుకోను."

"హఉ" అన్నాడు దాలయ్య.

"ఒకటి. స్టార్టింగు ట్రబులు. పొద్దున్నపూట మరీను. రెండు. పెట్రోలు తెగ తాగుతాది. బండి వారానికి ఒక్కసారి తీత్తాను, పెట్రోలు మూడుసార్లు పోత్తాను."

సూర్యకుమారి పళ్లెంలో సరిగ్గానే ఉన్న గ్లాసులను మళ్లీ సర్దింది.

"మూడు. అద్దం దానంతటదే కిందికి దిగిపోతాది. ఆదివారం పైకెత్తుతాను, మళ్లా ఆదివారానికి కిందకే ఉంటాది. స్ప్రింగు లోపం కావొచ్చు. నాలుగు. పనిముట్ల పెట్టెలో పల్లీల తొక్కలు. ఎలకలున్నాయి. మందు పెట్టినా పోవట్లేదు."

గోడ అవతల మోహిని నోట్లో కొంగు కుక్కుకుంది.

"సీటు కింద ఆడవాళ్ల హెయిర్‌పిన్ను ఒకటి దొరికింది. అది పాత కంపెనీ కాలంది, లోపం కింద రాయలేదు. ఆఖరుది, మొన్న మీట ఇరుక్కుపోయింది."

"హఉ, హఉ" అన్నాడు దాలయ్య. "ఇన్ని రోగాలున్నా తిరుగుతంది కదా బాబూ, గట్టి పిండం. నాకిది సాలు." అంటూనే పంచె ఎగ్గట్టి, మోకాలు పట్టుకుని పీత ఎక్కేశాడు. తాళం తిప్పాడు. ఎన్నడూ లేనిది, పీత ఒక్క పిలుపుకే పలికింది. ఆయన బొటనవేలు మీట మీదికి పోయింది. ఎదురుగా మొగలిపొదలే.

వద్దంటాడనుకున్నవాడు ఎక్కి కూర్చుంటాడని సూర్యకుమారి లెక్కలో లేదు. టీ పళ్లెం అరుగు మీద పడేసి, "ఓలమ్మో, దిగు బాబూ! అది ముట్టుకోకు!" అని పరుగున వెళ్లి తాళం లాగేసింది.

ఇంజను ఆగిపోయింది. అందరూ ఆమెనే చూస్తున్నారు.

"మీటకు జబ్బు నేదు" అంది. "నేనే జీడినూనె పోసినాను. తుప్పు పట్టకూడదని."

కూర్మనాథం ఆమె వేళ్ల వైపు చూశాడు. "పచ్చి పిక్కలు ఒలిచినానన్నావు?"

"ఒలవలేదు."

ఆయన నెమ్మదిగా ఫైలులోకి తల వంచాడు. "మరి అద్దం?"

"నేను పొట్టిదాన్ని కదండీ. నాకు అలాగైతేనే కనిపిత్తాది."

"పల్లీలు?"

"ఎలక్కి మందెందుకు పెట్టినారు, అడిగితే సెప్పేదాన్ని కదా."

"పెట్రోలు? పిన్ను?"

"పెట్రోలు నాదే. పిన్ను మాత్రం మోహినిది."

"ఎతికి ఎతికి సచ్చినాను వదినా!" అంది మోహిని గోడ అవతల నుంచి, ఇక దాచుకోలేక.

కూర్మనాథం కళ్లజోడు తీశాడు. "ఇంక దీని తప్పేటుంది, అంద్రెయా?"

"స్టార్టింగు ట్రబులు ఒకటున్నాది బాబూ" అన్నాడు అంద్రెయ గంభీరంగా. "అది దాని సొంతం."

దాలయ్య ముఖం వెలిగిపోయింది. "అయితే బండి బంగారం కదా బాబూ! ఆటో రెడీగుంది. ఎక్కించీమంటారా?"

అప్పుడు తెలిసింది సూర్యకుమారికి, నిజం చెప్పి తన పీతను తనే సాగనంపుతోందని. కూర్మనాథం మాటిస్తే తిరగని మనిషి. ఆయన దాలయ్య వైపు చూడలేదు, ఆమె వైపు తిరిగాడు.

"నువ్వు సెప్పు. ఎక్కించీమంటావా?"

"మీ ఇష్టం" అనబోయింది. ఆ మాట నాలుక చివర దాకా వచ్చింది, అలవాటు కొద్దీ. ఆయన జేబులోంచి పీత తుడిచే గుడ్డ మూల బయటికి కనిపిస్తోంది. రెండేళ్లలో ఎన్నిసార్లు ఉతికిందో దాన్ని.

"వద్దండీ" అంది. "నాకది కావాలి."

వీధిలో ఈసారి ఎవరూ నవ్వలేదు. నవ్వింది కూర్మనాథమే, అదీ మీసాల్లో. "దాలయ్యా, నన్ను మన్నించాలి. బండి నా ఒక్కడిదనుకున్నాను. ఇద్దరిదట. రెండో మనిషి సంతకం పెట్టనంటంది."

దాలయ్య దిగి మోకాలు రుద్దుకున్నాడు. ముఖం చిన్నబోయింది గానీ, కోపం మాత్రం లేదు.

"బారువ కాడ ఇలాటిదే ఇంకోటి పడున్నాది మావా" అన్నాడు అంద్రెయ దాలయ్య భుజం మీద చెయ్యి వేసి. "రేపు నేనే సూపిత్తాను, బాగుసేసి ఇత్తాను. దానికి ఫైలు నేదు, అదొక్కటే లోటు."

"హఉ" అన్నాడు దాలయ్య. తరవాత తనూ నవ్వి, ఒలికిపోగా మిగిలిన టీ తాగాడు.

అంద్రెయ కుర్చీలో కూర్చుని, సామాను ముట్టకుండా, దూరం నుంచే చెబుతుంటే సూర్యకుమారి వేళ్లకు ఆముదం రాసుకుని కేబులు విప్పింది. కూర్మనాథం ఒక కొస పట్టుకున్నాడు. ఆమె కిరసనాయిలు పోస్తుంటే గొట్టంలోంచి నల్లటి జిగురు తీగలాగా దిగింది. "కెమిస్ట్రీ" అన్నాడాయన, అంతే. ఆ ఒక్కమాటా ఆమె పడింది. న్యాయంగా ఎత్తిపొడుపుల్లో ఆయనకు ఇంకో రెండేళ్ల వాటా ఉంది.

ఎండ చల్లబడ్డాక కేబులు బిగించి, ఆమె సీటు ఎక్కింది. కూర్మనాథం జేబులోంచి గుడ్డ తీసి వెనక సీటు తుడిచాడు. చెయ్యి అలవాటుగా అద్దం మీదికి పోయి, వెనక్కి వచ్చేసింది. అద్దం కిందికే ఉంది.

తాళం తిప్పితే పీత పలకలేదు. మళ్లీ తిప్పింది. పలకలేదు.

"దాని సొంతం" అన్నాడు కూర్మనాథం, పంచె బిగించి, వెనక నుంచి తోస్తూ. నాలుగడుగులు, పదడుగులు. ఇంజను ఒక్కసారి దగ్గి అందుకుంది, పీత దుమికింది. సూర్యకుమారి ఆపలేదు. ఆపితే మళ్లీ తొయ్యాల్సింది ఆయనే.

"సూర్యా! నన్నెక్కనీవే!"

"బేగి రండి!" అని ఆమె అద్దంలోకి చూసింది. ఆమె ఎత్తుకు సరిగ్గా సరిపోయే ఆ అద్దంలో, రెండు చేతులతో పంచె పట్టుకుని, ఇసుకలో పడుతూ లేస్తూ, నవ్వుతూ పరుగెత్తుకొస్తున్నాడు కూర్మనాథం.