బాయిలరన్నకు వచ్చిన కబురు

బట్టలకు రంగులద్దే మిల్లు అది. మెట్ల కింద గదిలో పాతికేళ్లుగా ఫోన్లు అందుకుంటున్న ఆవిడను అందరూ పిన్ని అనేవారు. మిషన్ల దగ్గరికి సెల్‌ఫోన్లు తేనివ్వరు. అందుకని ఇంటి కబుర్లన్నీ ఆమె ద్వారానే చేరేవి.

"ఒరేయ్, సాయంత్రం సబ్బులు తెమ్మంది మీ ఆవిడ. మర్చిపోతే నిన్నే ఉతుకుతుందట!" అని గుమ్మంలోంచి కేకేసేది.

కంప్యూటర్ విభాగానికి కొత్తగా వచ్చిన ఇంజనీరును పనివాళ్లు కంప్యూటరమ్మ అని పిలుచుకున్నారు. ఫోను, మెయిలు, మెసేజ్ అన్నీ ఒకే యాప్‌లోకి తెచ్చింది ఆమే. ఎవరూ ఎత్తకపోతే మాటలు రికార్డయి, అక్షరాలుగా మారి సెల్‌ఫోన్‌కు వెళ్తాయి. ఇక పిన్ని అవసరం లేదని రాసిచ్చింది. పిన్నిని స్టోరుకు మార్చారు.

రెండు నెలలకు, ఓ ఉదయం పదింటికి, బాయిలర్ చూసే బాయిలరన్న భార్య ఆస్పత్రి నుంచి ఫోన్ చేసింది. కబురు రికార్డయింది. అతని సెల్‌ఫోన్ లాకర్లో ఉంది. రెండింటికి డ్యూటీ దిగి చూసుకున్నాడు: "మామయ్యకి బాగోలేదు, తొందరగా రా." ఆటోలో పరిగెత్తాడు. తండ్రి పోయి అప్పటికే గంటయింది.

విషయం తెలిసి కంప్యూటరమ్మ స్టోరుకు వెళ్లింది. పిన్ని దారపు ఉండలు సర్దుతోంది.

"ఆ పిల్ల ఊరికే ఫోన్ చేసే రకం కాదమ్మాయ్. గొంతు వింటే లేచి పరిగెత్తేదాన్ని" అంది పిన్ని. ఇంకో ఉండ అందుకుంటూ, "నన్నొక్క మాట అడగాల్సింది" అంది.

కంప్యూటరమ్మకు తలెత్తి చూడ్డానికి మొహం చెల్లలేదు.

నెలన్నర తర్వాత బాయిలరన్నే కంప్యూటరమ్మను వెతుక్కుంటూ వచ్చాడు.

"అమ్మా, ఆ రోజు మా ఆవిడ ఫోను నాన్న నోటి దగ్గర పెట్టిందంట. ఏదో చెప్పాడంట. మా ఆవిడకి సరిగ్గా వినబళ్లేదు. నేనేమో రాసుంది చదివి, గొంతు వినకుండానే పరిగెత్తాను. నిన్న రాత్రే ఈ సంగతి చెప్పింది. యాప్‌లో చూస్తే లేదు. ఒక్కసారి వినిపిస్తారా?"

ఆమె సిస్టమ్ తెరిచింది. ఏ రికార్డింగైనా ముప్పై రోజులకు చెరిగిపోయేలా ఆమే పెట్టింది. స్థలం కలిసొస్తుందని. బ్యాకప్‌లోనూ వెతికింది. ఎక్కడా లేదు.

"పోయిందన్నా. చెరిగిపోయేలా పెట్టింది నేనే" అంది. అబద్ధం చెప్పడానికి నోరు రాలేదు.

అతను పక్కనున్న కుర్చీని బల్ల దగ్గరికి జరిపాడు.

"సర్లెండమ్మా. కావాలని చేశారా ఏంటి" అని డ్యూటీకి వెళ్లిపోయాడు.

ఆ వారమే ఆమె పై అధికారులతో పోట్లాడి ప్రతి విభాగంలో గంట మోగే ఫోన్ పెట్టించింది, పిన్నిని వెనక్కి రప్పించింది. అందరూ మెచ్చుకున్నారు. బాయిలరన్న కూడా ఎదురుపడితే నవ్వి పలకరిస్తాడు. ఆ రోజు అతను నాలుగు తిట్టి ఉంటే బాగుండేదని ఆమెకు ఇప్పటికీ అనిపిస్తుంది.