దిబ్బ మీది జంట

పద్మజ సిరిసిల్లలో సాంచెల, అంటే మరమగ్గాల, చప్పుడు మధ్య పెరిగింది. ఇప్పుడు పక్షుల మీద పరిశోధన చేస్తోంది. ఈ వేసవిలో మానేరు జలాశయంలో నీళ్లు తగ్గి బయటపడ్డ దిబ్బ మీద నీళ్ల మీద ఎగురుతూ చేపలు పట్టే టర్న్ పక్షుల జంట ఒకటి రెండు పిల్లల్ని చేసింది. చేపలు పట్టే కనకయ్య ఆమెను రోజూ తెప్ప మీద అటువైపు తీసుకుపోయేవాడు. గూటి పక్కన ఇసుకలో ఆమె చిన్న కాటా దాచింది. తల్లిపిట్ట దాని మీద నిలబడితే బరువు ఫోన్‌లో కనబడేది.

ఒకరోజు మగపిట్ట రాలేదు. మర్నాడూ రాలేదు. దగ్గర్లో చిన్న చేపలు లేవు. తల్లిపిట్ట ఒక్కతే కనుచూపు దాటి ఎగిరిపోయి, ఒక్కో చేపనూ తెచ్చి పిల్లల నోట్లో పెట్టేది. ఎండకు పిల్లలు నోళ్లు తెరిస్తే పొట్ట నీళ్లలో తడుపుకొచ్చి వాటిని చల్లబరిచేది. ఆ రెండు రోజుల్లోనే దాని బరువు పడిపోతూ వచ్చింది.

"కాకా, గిది తన ఒంట్లె బలమంత పిల్లలకే పెడ్తున్నది. ఇంక చాతగాకపోతే ఇడిసిపెట్టి పోతది," అంది పద్మజ.

"పిల్లల్ని ఇడిసిపెడ్తదా?"

"అది బతికితేనే గద కాకా, వచ్చే ఏడాది మల్ల గుడ్లు పెట్టేది!"

కనకయ్య తెడ్డు అందుకున్నాడు. "పా బిడ్డా, మగదాన్ని దేవులాడుదాం."

మధ్యాహ్నానికి దొరికింది. నీళ్లలో నిలిచిన ఎండు తుమ్మ మోడుకు చిక్కిన పాత వలలో తలకిందులుగా వేలాడుతోంది. కళ్లు మాత్రం కదులుతున్నాయి.

"మావోళ్ల వలనే," అన్నాడు కనకయ్య, తల దించుకుని.

పద్మజ ఛాతీలోతు నీళ్లలోకి దిగింది. పిట్ట పొడిచి వేళ్లు రక్తం చేసినా వదలకుండా, కత్తెరతో ఒక్కో పోగూ తెంపింది. రెక్క విరగలేదు. కనకయ్య పొద్దున దూరాన పట్టిన చేపల్లోంచి ఒక చిన్నది తీసి దాని ముక్కులో పెట్టాడు. మింగింది. ఇంకోటి మింగింది. పొద్దు వాలకముందే లేచి, దిబ్బవైపు ఎగిరింది.

"పోయింది కాకా, పోయింది!"

తెల్లారి వాళ్లు చేరేసరికి మగపిట్ట చేప పట్టుకుని గూటి దగ్గర దిగుతోంది. అన్నీ పిల్లలకే పెట్టిన తల్లిపిట్ట ఈసారి ఆ చేపను తనే తినేసింది. పద్మజకు నవ్వూ ఏడుపూ ఒకేసారి వచ్చాయి. అప్పటి నుంచి దాని బరువు పెరుగుతూ పోయింది.

ఆ వారమే కనకయ్య తోటివాళ్లను వెంటేసుకుని మోడుల మీది పాత వలలన్నీ పీకించాడు.

పిల్లలు మొదటిసారి గాలిలోకి లేచిన పొద్దున, తెప్పలన్నీ ఆగిపోయాయి. నాలుగు పక్షులూ కేకలు వేస్తూ తలల మీదుగా సాగాయి. కనకయ్య తువ్వాల విసిరి ఈల వేశాడు. పద్మజ తెప్ప మీద లేచి నిలబడి, గొంతు పోయేదాకా అరిచింది.