అనసూయ ఇల్లు చేరిందా

నాకు ముక్కు మీదే కోపం. శంషాబాద్ బజారులో ఎవరినడిగినా ఈ మాటే చెబుతారు. దర్జీ ఈశ్వరయ్యకు బట్ట ఇచ్చి రేపటికల్లా కావాలంటే ఆ బట్ట మొహాన కొడతాడంటారు. కొడతాను, అబద్ధమెందుకు. ఆ కోపంతో, ఆ మొండితనంతో నేను చేసిన చెడ్డ పనులు చాలానే ఉన్నాయి. వాటిలో అన్నిటికంటే చెడ్డది బట్టల విషయంలో కాదు, ఒక పుస్తకం విషయంలో చేశాను. రెండో జర్మనీ యుద్ధం ముగిసిన మరుసటి ఏడు జరిగిందది.

అప్పట్లో మేము ముగ్గురం పుస్తకాల పిచ్చివాళ్ళం. ఒకణ్ణి నేను. రెండోవాడు దశరథం, రైలు స్టేషన్‌లో ఖలాసీ. పట్నం వెళ్ళినప్పుడల్లా చిత్తు కాగితాల దుకాణాల్లో వెతికి తెలుగు పుస్తకం కనిపిస్తే పట్టుకొచ్చేవాడు. కచేరీలోనూ ఉర్దూయే, బడిలోనూ ఉర్దూయే అయిన ఆ రోజుల్లో మా ఊరికి తెలుగు పుస్తకం రావడమంటే చుట్టం వచ్చినట్టే. అట్ట ఉందా, మొదటి పుటలు ఉన్నాయా అని చూసుకునేవాళ్ళం కాదు. మూడోవాడు చెన్నయ్య, ఊరి చివర జొన్న చేను చేసుకునేవాడు. ముప్పై ఏళ్ళొచ్చేదాకా అతనికి అక్షరం ముక్క రాదు. బట్ట కత్తిరించే చెక్క మీద, కొలతలు గీసే సుద్దతో, నేనే నేర్పాను. 'క'కూ 'త'కూ తేడా తెలియక తికమకపడితే గజం బద్దతో చేతి మీద కొట్టాను కూడా. దెబ్బ తిని నవ్వేవాడు. నాకంటే నాలుగేళ్ళే చిన్న, ఇద్దరు పిల్లల తండ్రి!

ఒక్క పుస్తకం, చదివేవాళ్ళం ముగ్గురం. ఒకడు మొత్తం చదివి ఇచ్చేదాకా మిగతా ఇద్దరికీ ఓపిక ఎక్కడిది? అందుకని నేను కత్తెర మొనతో కుట్టు విప్పి పుస్తకాన్ని మూడు కట్టలు చేసేవాణ్ణి. మొదటి కట్ట దశరథం చదివి నాకిచ్చి, రెండోది తీసుకునేవాడు. నేను చదివి చెన్నయ్యకు ఇచ్చేవాణ్ణి. వేలు పెట్టుకుని నిదానంగా చదువుతాడు కాబట్టి ఎప్పుడూ చెన్నయ్యదే ఆఖరి వంతు. అందరిదీ అయ్యాక మూడు కట్టలూ కలిపి, దబ్బనంతో, కోట్లకు వాడే దారంతో మళ్ళీ కుట్టేవాణ్ణి.

దీనికి రెండు షరతులు. కట్టలు చేతులు మారేది వారానికోసారి జరిగే అంగడి నాడే, అదీ నా దుకాణంలోనే. రెండోది, ముందు చదివినవాడు వెనకవాడికి కథ చెప్పకూడదు. ఒకసారి దశరథం నోరు జారి, "గా మామ విషం పెడ్తడు సూడు" అన్నాడు. నాకు అరికాలి మంట నెత్తికెక్కింది. గజం బద్ద తీసుకుని బజారు దాకా తరిమాను. నెల రోజులు వాణ్ణి దుకాణం మెట్టెక్కనివ్వలేదు. ఆ తరవాత వాడు మళ్ళీ ఎన్నడూ నోరు విప్పలేదు.

అంగడి నాడు నేను మిషను తొక్కుతుండగానే చదివినదాని గురించి మాట్లాడుకునేవాళ్ళం. నలుగురు ఒకచోట కూచుంటే పోలీసు పటేలు వచ్చి, "ఏందిరా, మీటింగా?" అని అడిగే రోజులు. "కొలతలు తీస్తున్న పటేలా" అని నేను చెన్నయ్య భుజానికి టేపు పెట్టేవాణ్ణి. అలా చెన్నయ్యకు ఏడాదిలో ఇరవై అంగీల కొలతలు తీశాను, కుట్టింది ఒక్కటీ లేదు.

ఆ ఏడు దశరథం తెచ్చిన పుస్తకానికి అట్టా లేదు, పేరూ లేదు. గోదావరి ఒడ్డు కథ. అనసూయ అనే పిల్లను మొగుడు ఇంట్లోంచి గెంటేస్తాడు. చంకలో బిడ్డతో ఆమె నది దాటి తల్లి ఇంటికి పోవాలి. మా ముగ్గురిలో ఎవరమూ నది దాటి ఎరగం.

"అన్నా, పడవ అంటే ఎంతుంటది? మన బండంతుంటదా?" అని అడిగాడు చెన్నయ్య.

"నేనేమన్న ఎక్కిన్నా?" అని కసిరాను.

"హిమాయత్‌సాగర్‌ల చేపలు పట్టేటోళ్ళ తెప్ప చూసినవా? గసొంటిదే, జర పెద్దగ" అన్నాడు దశరథం.

"అయితే గా నది హిమాయత్‌సాగర్ అంతుంటదా?"

"గసొంటియి పది కలిపితే ఒక్కటట."

చెన్నయ్య భయపడ్డాడు. నిజంగా భయపడ్డాడు, నవ్వులాటకు కాదు. "ఒక్క ఆడిపిల్ల, గంత నీళ్ళల్ల ఎట్ల పోతదే" అని తల పట్టుకున్నాడు.

రెండో కట్ట సరిగ్గా అక్కడే ఆగుతుంది. ఆకాశం నల్లబడుతుంటే అనసూయ బిడ్డను పొదువుకుని పడవ ఎక్కుతుంది. చెన్నయ్య అది ముగించిన రోజు అంగడి కాదు. బురద కాళ్ళతోనే చేనులోంచి దుకాణానికి ఉరికొచ్చాడు.

"అన్నా, మూడో కట్ట ఇయ్యి. గా పిల్ల ఇల్లు చేరుతదా?"

నేను అంతకు ముందు రోజే మూడో కట్ట ముగించాను. అనసూయ చేరదు. పడవ మునిగిపోతుంది. చదివి నేనూ ఏడ్చాను. కట్ట మిషను కింద సొరుగులోనే ఉంది, చెయ్యి చాపితే అందుతుంది. ఇస్తే ఏం పోయేది? కానీ నాకు నా షరతే గొప్ప.

"అంగడి నాడు రా."

"నాలుగొద్దులున్నదే అన్నా!"

"నాలుగొద్దులు ఆగలేనోడివి పుస్తకమెందుకు పట్టినవు? పో, పో."

అంగడి నాడు చెన్నయ్య రాలేదు. దశరథం వచ్చి అడిగితే, "అలిగినట్టున్నడు, అలగనీ" అన్నాను. మనిషిని పంపి కనుక్కోవాలన్న బుద్ధి పుట్టలేదు నాకు. నేనే తగ్గి పోవాలా అని పళ్ళు నూరుతూ మరో వారం కూచున్నాను. ఆ తరవాతి అంగడికి అతని భార్య లింగమ్మ పహాడీ షరీఫ్ దర్గాకు మొక్కు కట్టి వస్తూ, దుకాణం ముందు ఆగింది. విడవని జ్వరమట, పదకొండో రోజట. పట్నం దవాఖానకు తీసుకుపోతే మందు సీసా ఇచ్చి పంపారట. కత్తెర అక్కడే పడేసి, మూడో కట్ట చంకలో పెట్టుకుని ఆమె వెంట నడిచాను.

చెన్నయ్య మంచానికి అతుక్కుపోయి ఉన్నాడు. నన్ను చూసి లేవబోయాడు. కట్ట చేతిలో పెడితే తెరిచి, కాసేపు చూసి, గుండెల మీద వాల్చేశాడు.

"అక్షరాలు ఈగల లెక్క లేస్తున్నయే అన్నా. జర నువ్వు సదువు, ఇంటా."

"సదువ. నువ్వే లేసి కూసొని సదువాలె."

"పోనీ ఒక్క మాట చెప్పు. చేరిందా, లేదా? గంతే."

"చెప్ప. షరతు షరతే."

"నీ షరతు పాడుగాను" అని నవ్వాడు. నవ్వుకు దగ్గొచ్చింది.

ఎందుకు చెప్పలేదని నన్ను నేను వెయ్యిసార్లు అడుక్కున్నాను. జ్వరంలో ఉన్న మనిషికి ఆ పిల్ల మునిగిపోయిందని ఎలా చెప్పను? చేరిందని అబద్ధం చెప్పొచ్చుగా అంటారు. చెన్నయ్యతో నేను డబ్బు దగ్గర, బట్ట దగ్గర ఎన్ని అబద్ధాలైనా ఆడాను గానీ పుస్తకం సంగతి ఎన్నడూ ఆడలేదు. ఇంకో పిచ్చి కూడా పట్టింది నాకు. కథ సగంలో ఉండగా మా చెన్నయ్య పోడు అనుకున్నాను. అడుగుతూ ఉన్నంతకాలం ఉంటాడనుకున్నాను. పుస్తకాల పిచ్చివాడికి తప్ప ఇంకెవరికైనా వస్తుందా ఇలాంటి ఆలోచన? లేస్తే ఇస్తానని, కట్ట మళ్ళీ చంకలో పెట్టుకుని వచ్చేశాను. వాకిలి దాకా వచ్చిన లింగమ్మ, "చెప్తే నీ సొమ్మేం పోయేదన్నా?" అంది.

మూడో రోజు తెల్లవారి చెన్నయ్య పోయాడు. దశరథమూ నేనూ పాడె పట్టాం.

దినాలు అయ్యాక ఒక మధ్యాహ్నం లింగమ్మ దుకాణానికి వచ్చింది. కొంగులో చుట్టుకొచ్చిన రెండో కట్ట తీసి కత్తిరింపు చెక్క మీద పెట్టింది. చివరి పుట మీద చెన్నయ్య వేలి మరక ఉంది. లింగమ్మ వెళ్ళిపోతుందనుకున్నాను, వెళ్ళలేదు. చెక్క పట్టుకుని అలాగే నిలబడింది.

"అన్నా, ఒక సంగతి అడుగుత. కోపం చెయ్యకు."

"అడుగు చెల్లె."

"నువ్వు పోయినంక రెండొద్దులు ఒక్కటే అడుగుడు. పాలు తాగుమంటే, గా పిల్ల చేరిందా అంటడు. మందు ఏసుకొమ్మంటే, చేరిందా అంటడు. నాకేం ఎరుక? ఇగ చూడలేక నేనే చెప్పిన. ఈశ్వరన్న నా చెవుల చెప్పి పోయిండు, అనసూయ ఇల్లు చేరింది, తల్లి ఎదురొచ్చి కాళ్ళకు నీళ్ళిచ్చి లోపలికి తోల్కపోయింది అని చెప్పిన."

"ఏమన్నడు?" అని అడిగాను.

"ఈశ్వరన్ననే చెప్పిండా అన్నడు. అవునన్న. అయితే నిజమే, ఈశ్వరన్న పుస్తకం సంగతి అబద్ధమాడడు అన్నడు. గప్పుడు పాలు తాగిండు. తెల్లారి పోయిండు."

దశరథం ఉంటే బాగుండేదనిపించింది. ఎవరైనా ఉంటే బాగుండేది. లింగమ్మ కళ్ళు తుడుచుకోలేదు.

"సావబోయేటోనికి నీ పేరు చెప్పి అబద్ధం చెప్పిన్నా అని నాకు కూడు పోతలేదన్నా. కందుకూరుకు, మా అమ్మగారింటికి పోతున్న. పోయే ముందుగాల ఎరుక చేసుకోవాలె. నువ్వు సదివినవు గద, ఏమున్నదో చెప్పు."

సొరుగు తెరిచి మూడో కట్ట తీశాను. పుటలు తిప్పుతూ ఆఖరు దాకా పోయాను. నా ఎదురుగా ఉన్న అక్షరాలు నాకు కంఠతా వచ్చు.

"నువ్వు చెప్పిందే ఉన్నది చెల్లె" అన్నాను.

"ఒట్టు?"

"ఒట్టు. కాళ్ళకు నీళ్ళిచ్చుడు గూడ ఉన్నది."

ఆమె మొహం ఒక్కసారిగా వదులైంది. అంతటితో పోతుందనుకున్నాను. కానీ మరింత దగ్గరికి వచ్చి, పుస్తకం మీదికి వంగింది.

"యాడ రాసి ఉన్నదన్నా? చూపియ్యి. నాకు సదువ రాదు గని, జర చూస్త."

ఆమె వేలు పట్టుకుని ఆఖరి పుట మీద, కింది నుంచి రెండో వరుసలో పెట్టాను. పడవ మునిగిన మూడో నాడు తల్లీబిడ్డల శవాలు ఒడ్డుకు కొట్టుకొచ్చాయని అక్కడ ఉంది. లింగమ్మ ఆ వరుస మీద వేలు ఆ కొస నుంచి ఈ కొస దాకా మెల్లగా జరిపింది, అచ్చం చెన్నయ్య చదివినట్టే. తరవాత ఆ వేలు కళ్ళకు అద్దుకుంది.

"ఏ తల్లి కన్న బిడ్డో, పిల్లతోని సల్లగుండాలె" అని వెళ్ళిపోయింది.