తూకంలో ఒక నాణెం తక్కువ

టంకశాలలో బంగారు నాణేలు కొట్టే గదికి పెద్దకోడలు ఇన్‌చార్జి. ఆమె చేతికింద ప్రెస్సు నడిపేది సొంత తోటికోడలే. ఒకే ఇంట్లో ఉంటారు, ఒకే బస్సులో వస్తారు. గది గడప దాటగానే మాత్రం పెద్దావిడ ముఖం గంటు పెట్టుకుంటుంది. తనవాళ్లని వెనకేసుకొస్తోందని ఎవరైనా అంటారేమోనని భయం. ఆ భయానికి నిజాయితీ అని పేరు పెట్టుకుంది, అక్కడే వచ్చింది చిక్కు.

ఆ గదిలో పెత్తనమంతా త్రాసుది. పొద్దున బిళ్లలుగా ఎంత బంగారం లోపలికొస్తే, సాయంత్రం నాణేలూ తుక్కూ కలిపి అంతా తూగాలి. తూగేదాకా తలుపు తెరవరు. ఆ సాయంత్రం తూగలేదు. సరిగ్గా ఒక నాణెం తక్కువొచ్చింది.

తక్కువొస్తే ముందు మిషన్లు చూడాలి, తర్వాతే మనుషుల్ని. కొట్టిన నాణెం ఒక్కోసారి కింద పడకుండా పై అచ్చుకే అతుక్కుపోతుంది. కొత్తగా చేరినవాళ్లకి పెద్దకోడలు చెప్పే మొదటి పాఠమే అది. అందరికీ శకునం చెప్పే బల్లి కుడితిలో పడ్డట్టు, ఆ వేళ ఆ పాఠం ఆమెకే గుర్తురాలేదు. గదిలో చూపులన్నీ ప్రెస్సు దగ్గరున్న చిన్నకోడలి మీదికి పోయాయి, అక్కణ్ణుంచి తన మీదికి తిరిగాయి. అంతే, ఆమెకి ఒళ్లు మండిపోయింది. ముందు తన తోటికోడల్నే వెతుకుతానంది. సోదా చేసే గార్డు వచ్చేదాకా కూడా ఆగలేదు.

బూట్లు విప్పించింది. మేజోళ్లు తిరగేసింది. జడ విప్పి పాయ పాయా తడిమింది. చిన్నకోడలిది మొదట్నించీ నవ్వు ముఖం, చక్కిలిగింతలు పెట్టొద్దక్కా అని మెలికలు తిరిగింది. గదిలో ఒకరిద్దరు నవ్వారు కూడా.

"నోరు తెరువు. నాలిక పైకెత్తు."

చిన్నకోడలి నవ్వు ఆగిపోయింది.

"నిజంగానే నామీద అనుమానమా అక్కా?"

పెద్దకోడలు ఆమె గడ్డం పట్టుకుని వెలుతురు వైపు తిప్పింది. చిన్నకోడలు నోరు తెరిచి, నాలిక పైకెత్తింది.

ఈలోగా అచ్చు తుడవడానికి వచ్చిన ఫిట్టరు ప్రెస్సులోకి వంగి చూశాడు. చెక్కముక్కతో మెల్లగా గీకి, రోజూ ఉండేదే అన్నట్టు నాణెం తెచ్చి త్రాసులో పెట్టాడు. బరువు సరిపోయింది. తలుపు తీశారు.

పెద్దకోడలికి తల కొట్టేసినట్టయింది. బస్సులో పక్కన కూర్చుని, నలుగురూ ఏమనుకుంటారోనని అలా చేశాను, తప్పయిపోయింది అంది. డ్యూటీ కదక్కా, పోనీలే అని చిన్నకోడలు రేపటికి ఏం కూర వండుదామని అడిగింది. నాలుగు తిట్టినా బాగుండేదనిపించింది పెద్దకోడలికి.

ఆదివారం పిల్లాడి గోళ్లు కత్తిరించాలని చిన్నకోడలు కత్తెర అడిగింది. నా బీరువాలోనే ఉంది, తీసుకో అంది పెద్దకోడలు. ఆ బీరువాలో ఏదెక్కడుందో తనకంటే ఆమెకే బాగా తెలుసు. ఎప్పుడూ అడక్కుండానే తీసుకునేది. ఇప్పుడు గుమ్మం దగ్గరే ఆగింది.

"నువ్వు కూడా రా అక్కా."

నేనెందుకు, చేతులు తడిగా ఉన్నాయి అంది పెద్దకోడలు. చిన్నకోడలు వెళ్లి కత్తెర తెచ్చింది. వెళ్తూ వెళ్తూ ఆమె ముందు ఒక్క క్షణం ఆగి, ఖాళీ చెయ్యి తెరిచి, అటూ ఇటూ తిప్పి చూపించింది. అందులో ఎత్తిపొడుపేమీ లేదు.

"అదేంటే?" అంది పెద్దకోడలు.

"ఏదక్కా?" అంది చిన్నకోడలు. తనేం చేసిందో నిజంగానే ఆమెకి తెలీదు.