గ్లెన్ పాత సైలెన్సర్

దొంగ కొత్త సైలెన్సర్ని ముట్టుకోలేదు. పాతదాన్ని ఎత్తుకుపోయాడు.

కెరిన్ షెడ్డు వెనక్కి వెళ్లి చూడటం ఇది నాలుగోసారి. నిన్న సాయంత్రం ల్యాండ్ క్రూజర్ కింద నుంచి విప్పి, నీళ్ల ట్యాంకు పక్కన తనే పడేసిన తుప్పు పైపు, దాని డబ్బాతో సహా మాయమైంది.

శనివారం ఒంటిగంట కావస్తోంది. రేపు తెల్లారగానే క్విల్పీ నుంచి ఐదు బళ్లు బయల్దేరతాయి. బర్డ్స్‌విల్ మీదుగా వెళ్లి సింప్సన్ ఎడారి ఇసుకదిబ్బలు దాటాలి. ఆ ఐదింట్లో ఒకటి ఇప్పుడు వదిన ఇంటి షెడ్డులో నాలుగు స్టాండ్ల మీద ఎత్తిపెట్టి ఉంది. కొత్త పైపు ముందు కొసని టర్బోకి బిగించేసింది. వెనక కొస రబ్బర్లలో వేలాడుతోంది. మధ్యలో గేర్‌బాక్స్ కింద పైపుని పట్టుకునే ఇనప బ్రాకెట్టు ఒక్కటే తక్కువ. అది కొత్త పైపు పెట్టెలో రాదు. పాత పైపుది విప్పి కొత్తదానికి వేసుకోమని కాగితంలో రాసుంది. అది లేకుండా ఆ గతుకుల మట్టిదారిలో వెళితే వంద కిలోమీటర్లలోపే పైపు విరుగుతుంది. విడిభాగాల కొట్టు రెండొందల కిలోమీటర్ల దూరాన చార్లవిల్‌లో ఉంది. శనివారం పన్నెండుకే మూసేస్తారు.

అట్టపెట్టె మూత మీద నల్లసిరాతో అన్న చేతిరాత. "కెరిన్, నేను లేకుండా విప్పావో చంపేస్తా." పెట్టె వచ్చిన వారానికే గ్లెన్ గుండె ఆగి పోయాడు. పద్దెనిమిది నెలలు దాని టేపు ఎవరూ కోయలేదు. నిన్న కోసింది. అన్న తెప్పించిన పైపు బిగించి, అన్న బండిలో, ఇద్దరూ కలిసి వెళదామనుకున్న దారిలో ఒక్కసారి వెళ్లిరావాలి. ఇన్నాళ్లూ గనుల వర్క్‌షాపులో ఎవరెవరి ఇంజన్లో విప్పుతూ ఆమె అనుకున్నది అదొక్కటే.

తుప్పు ఎవడికి కావాలి? ఈ చుట్టుపక్కల దానికి ఒకటే జవాబు. పక్కింటి క్లెమ్. పెరడు నిండా పాత ఇనుమే. అరగంట కింద కోపంలో ఊళ్లోవాళ్లంతా ఒకరితో ఒకరు మాట్లాడుకునే బండి రేడియో మైకు అందుకుని ఆ మాటే అనేసింది. నలభై కిలోమీటర్ల మేర ప్రతి బండిలో, ప్రతి వంటింట్లో వినిపించింది. ప్రయాణానికి పెద్ద అయిన వెర్న్ వెంటనే బదులిచ్చాడు. "అలాగైతే క్లెమ్ రేపు మాతో రానక్కర్లేదు. దొంగతో కలిసి ఎడారి దాటలేం."

ఇప్పుడు క్లెమ్ బండి గేటు దాటి లోపలికొచ్చింది. వెనక తొట్టిలో వెల్డింగ్ మిషను.

"నన్ను దొంగన్నావట," అన్నాడు దిగుతూ.

"అన్నాను. అబద్ధమైతే చెప్పు."

"దొంగంటే పడతాను అమ్మాయ్. మెరిసే కొత్త పైపు వదిలేసి తుప్పు మోసుకెళ్లేంత వెధవనని ఊరంతటికీ చెప్పావు చూడు, అదీ నా బాధ."

కెరిన్ కొత్త పైపు వైపు చూసింది. నిజమే. క్లెమ్ తీసేవాడే అయితే రెండూ పోయేవి.

"కొలత చెప్పు. బ్రాకెట్టు చేసిస్తాను. గంట పని."

"ఇంత మాటన్నాక కూడా చేసిస్తావా? పక్కింట్లోంచి ఎవరు తీశారో నువ్వు చూసే ఉంటావు."

"చూశాను."

"చెప్పు మరి."

"చెప్పను. స్కూల్లో హెడ్మాస్టరు తోలుపట్టీ పట్టుకుని నిలబడినా నేను ఒక్కడి పేరూ చెప్పలేదు. డెబ్బై రెండేళ్లొచ్చాక నీకోసం మొదలెడతానా?"

"వెర్న్ నిన్ను రావద్దన్నాడు."

"విన్నాను. నాకూ ఉంది రేడియో."

"ఒక్క పేరు చెబితే అయిపోతుందిగా క్లెమ్."

"ఆ పేరు నా నోటెంట రాదు. కొలత టేపు ఇలా ఇవ్వు."

ఈ ఊరి తీరే అంత. తల తెగిపడినా చాడీ చెప్పరు. అయితే క్లెమ్ మాట్లాడినంతసేపూ ఇంటివైపు వీపు పెట్టి నిలబడ్డాడు. ఒక్కసారైనా అటు చూడలేదు. మరీ అంత జాగ్రత్తగా చూడకపోవడమే కెరిన్‌కి తేడాగా తోచింది.

ట్యాంకు దగ్గరికి ఐదోసారి వెళ్లింది. ఈసారి పైపు కోసం కాదు, నేల కోసం. ఎర్రమట్టిలో ఒంటి చక్రం జాడ. తోటపని తోపుడుబండిది. జాడ గేటు వైపు పోలేదు. ఇల్లు చుట్టుకుని, బట్టలుతికే గది గుమ్మం దగ్గర ఆగింది.

తలుపు తోసింది.

వాషింగ్ మిషనుకీ గోడకీ మధ్య పాత తువ్వాలు పరిచి ఉంది. దాని మీద పైపు. పక్కనే బకెట్టు బోర్లించుకుని వదిన నెరీడా కూర్చుని ఉంది. చేతిలో తడిగుడ్డ. డబ్బాకి పడ్డ చిల్లు చుట్టూ గ్లెన్ ఎప్పుడో దారిలో బీరు టిన్ను కోసి చుట్టి రెండు క్లిప్పులు బిగించాడు. "ఇల్లు చేరేదాకా చాలు" అన్నాడట. మూడేళ్లు మార్చలేదు. ఆమె ఆ టిన్ను మీది మసి తుడుస్తోంది.

"బ్రాకెట్టు సంగతి నాకు తెలీదు," అంది నెరీడా తలెత్తకుండా. "తెలిస్తే అది విప్పి అక్కడే పడేసేదాన్ని. విప్పుకో. పైపు మాత్రం వదిలెయ్."

"ఎందుకు వదినా ఇది?"

"సాయంత్రం మన ఇంటి దారి మొదట్లో, పశువులు దాటకుండా వేసిన ఇనప కమ్మీల మీదికి రాగానే మీ అన్న గేరు మార్చేవాడు. ఈ టిన్ను ఫటఫటలాడేది. అది వినపడ్డాకే దుంపలు పొయ్యి మీద పెట్టేదాన్ని. బూట్లు విప్పి, స్నానం చేసి వచ్చేసరికి సరిగ్గా ఉడికేవి. ఆ మూడేళ్లూ గడియారం చూళ్లేదు నేను."

కెరిన్ గుమ్మానికి ఆనుకుంది.

"బ్యాటరీ పాడవకుండా గురువారం గురువారం నువ్వొచ్చి బండి ఓ చుట్టు తిప్పుతావుగా. నువ్వేనని తెలుసు. అయినా నా చెయ్యి దుంపల బుట్ట మీదికే పోతుంది."

"నిన్న విప్పుతుంటే ఓ మాట అంటే పోయేదిగా."

"ఏమని? తుప్పు కావాలనా? పెట్టె కోసేటప్పుడు నీ మొహం చూశాను. ఇంక నోరు రాలేదు."

కెరిన్ వంగి పైపుని వేలితో తట్టింది. మట్టికుండలా మోగింది.

"ఇది ఒక్కటే ఉంటే ఏం పలుకుతుంది? ఇంజను కావాలి దీనికి."

"తెలుసు. పొద్దున ఊది చూశాను."

ఇద్దరూ ఒక్కసారే నవ్వారు. నెరీడా నవ్వు మాత్రం మధ్యలో తెగిపోయింది.

బ్రాకెట్టు దొరికింది. గంటలో పని ముగించి, రేపు తెల్లారగానే అందరితోపాటు బయల్దేరవచ్చు. కెరిన్ బ్రాకెట్టు విప్పలేదు. షెడ్డు వైపు తిరిగి కేకేసింది. "క్లెమ్, ఇలా వచ్చి ఓ చెయ్యి వెయ్యి. కొత్తది దించేస్తున్నాను."

క్లెమ్ వచ్చాడు. గుమ్మంలోంచి పైపుని చూశాడు, నెరీడాని చూడలేదు. "రేపటి సంగతి?"

"అప్పటికి పని తేలకపోతే వాళ్లని వెళ్లనీ. ఈ పాత పైపుతోనే వస్తాను. అందుకుంటే అందుకుంటాను, లేకపోతే లేదు."

తుప్పు బోల్టులు అంత తేలిగ్గా లొంగలేదు. రెండు తెగాయి. క్లెమ్ తన పెరట్లోంచి పాతవి వెతికి తెచ్చాడు, "ఇవి మాత్రం నిజంగా దొంగవే" అంటూ. స్టాండ్లు తీసి చక్రాలు నేలకి దించేసరికి ఐదు కావచ్చింది.

కెరిన్ ఒక్కతే బండి ఎక్కి రోడ్డు దాకా వెళ్లి వెనక్కి తిప్పింది. కమ్మీల మీద చక్రాలు గడగడమన్నాయి. సరిగ్గా అన్న మార్చే చోటే గేరు మార్చింది. సీటు కింద టిన్ను ఫటఫటలాడింది. పక్క సీటువైపు చూడకుండా ఉండటానికి స్టీరింగు గట్టిగా పట్టుకుంది. ఎన్నిసార్లు ఎక్కిందో ఈ బండి. ఈ చప్పుడుని చప్పుడుగా తప్ప ఎప్పుడూ వినలేదు. దూరంగా వంటింటి కిటికీ అద్దం మీద ఆవిరి కమ్ముతోంది.

వాకిట్లో ఆపింది గానీ ఇంజను కట్టెయ్యలేదు. నెరీడా తడిచేతులతో మెట్లు దిగి వచ్చి, బండి తలుపు మీద చెయ్యి వేసి నిలబడింది.

రేడియో గరగరలాడింది. వెర్న్. "కెరిన్, దొంగ సంగతి తేలిందా? క్లెమ్ ఒప్పుకున్నాడా?"

కెరిన్ మైకు తీసింది. బొటనవేలు మీట మీదే ఉంది, నొక్కలేదు. క్లెమ్ పేరు తుడవాలంటే ఇంకో పేరు చెప్పాలి. షెడ్డు గుమ్మంలో నిలబడ్డ ముసలాయన వద్దన్నట్టు తల అడ్డంగా ఊపాడు.

నెరీడా కిటికీలోంచి చెయ్యి పెట్టి మైకు తీసుకుంది.

"వెర్న్, క్లెమ్ కాదు," అంది. వెనక ఆ పాత టిన్ను ఫటఫటలాడుతూనే ఉంది. "పైపు ఎత్తుకెళ్లింది నెరీడా. గ్లెన్ పెళ్లాం నెరీడా."