వేళకాని సైరన్

తూర్పు జర్మనీలోని మా సాక్సనీ పల్లెల్లో శనివారం పన్నెండింటికి సైరన్ మోగుతుంది, పనిచేస్తోందో లేదో చూడటానికి. అప్పుడు సమాధిలోని మా తాత పక్కకి ఒత్తిగిలుతాడు గాని, బతికున్నవాడెవడూ కదలడు. మరే వేళ మోగినా మాత్రం అగ్నిమాపక దళంలో ఉన్న ప్రతివాడూ పరుగెత్తాల్సిందే. జీతం లేని కొలువే అయినా ఆ పరుగు కాళ్లలో ఇంకిపోయి ఉంటుంది.

బెర్లిన్ గోడ కూలిన కొత్తల్లో, పోలీసునన్న సంగతి దాచి, రైనర్ అనే దొంగపేరుతో, నన్నెవరూ ఎరగని ఓ పల్లెలో గెర్నోట్ ముఠాలో చేరాను. గుండు గీయించుకుంటే మా ఆవిడ కోడిగుడ్డనుకుని ఉడకబెట్టబోయింది. పరదేశీయులంటే ఆ ముఠాకి కడుపుమంట. పాత హాస్టల్లో ఉండే వియత్నాం కుట్టుపనివాళ్ల మీద దాని కన్నుపడింది. వాళ్లలో తుయెట్ అనే ఆమెకి చంటిబిడ్డ.

"శనివారం పన్నెండుకి అంటిద్దాం. సైరన్ మోగినా మామూలేలే అనుకుంటారు" అన్నాడు గెర్నోట్, బీరు నురగ తుడుచుకుంటూ.

"అయినా ఆర్పడానికి రావాల్సింది మనమే కదరా!" అన్నాడొకడు.

అందరూ నవ్వారు. నిజమే, ముఠా అంతా ఆ ఊరి అగ్నిమాపక దళంవాళ్లే. నేనూ నవ్వాల్సొచ్చింది. ఆ చేదు ఇంకా నోట్లో ఉంది.

మా అధికారి వీజ్నర్‌కి ఫోన్ చేశాను.

"అంటించనీ. అప్పుడే కేసు నిలబడుతుంది" అన్నాడు.

"లోపల పసిబిడ్డ ఉంది సార్!"

"మనవాళ్లు దగ్గర్లోనే ఉంటారులే. నువ్వు బయటపడ్డావో, ఉద్యోగం ఊడుతుంది."

"అదే మీ మనవడైతే?"

ఫోన్ పెట్టేశాడు.

శనివారం ముఠా పెట్రోలు డబ్బాలతో హాస్టల్ వెనక పొదల్లో నక్కింది. దారి చూసొస్తానని జారుకుని, పన్నెండు కాకముందే ఫైర్ స్టేషన్లో సైరన్ మీట నొక్కేశాను.

ఊరంతా సూప్ గిన్నెలు వదిలి బయటపడింది. నమ్మితే నమ్మండి, పొదల్లోంచి ముఠా కూడా పరుగున వచ్చేసింది! కాళ్లు బుర్రని అడగలేదు. అందరికన్నా ముందు గెర్నోట్, చేతిలో డబ్బాతో సహా.

దళానికి పెద్ద ముసలి క్లెమ్ ఆ డబ్బా వాసన చూశాడు.

"మంట ఆర్పడానికి పెట్రోలు తెచ్చావేంట్రా, సన్నాసీ?"

ఊరంతా చూస్తోంది. గెర్నోట్ డబ్బాని వీపు వెనక్కి దాచుకున్నాడు.

పోలీసులు ముఠాని పట్టుకెళ్లినా, మంటే లేదు గనుక నేరమూ లేదని కోర్టు వాళ్లని ఇంటికి పంపేసింది. నన్ను మాత్రం పై అధికారుల ముందు విచారణకి పిలిచారు.

"మంట లేకుండా సైరన్ ఎందుకు మోగించావు?" అన్నాడు వీజ్నర్.

"మంట లేచేదాకా ఆగమన్నారు కదా సార్. ఆ మాటేదో వీళ్ల ముందు ఇంకోసారి అనండి."

ఆయన ఫైలు మూసేశాడు. నా ఉద్యోగం తీసేశారు. ఆయనకి ప్రమోషన్ ఇచ్చారు. థూ!