సువార్తమ్మ నుదుటి చుక్క

ఫోటోలు కడిగే ట్రేలో మందునీళ్లలో తేలుతున్న మేనత్త మొహం మీద, సరిగ్గా కనుబొమల మధ్య, నల్లటి బొట్టు కనిపించేసరికి ఏసుపాదం వంగి కళ్లు చికిలించి చూశాడు.

సువార్తమ్మ బొట్టు పెట్టడమేమిటి? ఏళ్ల తరబడి బైబిలు చంకన పెట్టుకుని పటమట చుట్టుపక్కల ఇల్లిల్లూ తిరిగి వాక్యం చెప్పే మనిషి. ఆవిడ భర్త జక్కయ్య సంఘపెద్ద. ఆ ఇంట్లో కుంకుమన్న మాటే వినిపించదు.

ఎర్రదీపం వెలుగులో కళ్లు మోసం చేశాయేమోనని ఏసుపాదం ఇంకో కాగితం మీద వేసి కడిగాడు. మళ్లీ బొట్టే.

డార్క్‌రూమ్‌లోంచి బయటపడి గోడవైపు చూశాడు. పోయిన వారం ఇదే నెగెటివ్ నుంచి తీసిన అరచేతంత ఫోటో అక్కడ గుచ్చి ఉంది. అందులో అత్త ధాన్యం తూర్పారబడుతూ నవ్వుతోంది. నుదుట చెమట చుక్కొకటి ఎండకు తళుక్కుమంటోంది. బొట్టూ లేదు, గిట్టూ లేదు.

ఆ నవ్వు మీదే అతని ఆశంతా. మద్రాసులో ఒక కంపెనీవాళ్లు ఫోటోలు పోగేసి పెట్టుకుని, ఎవరికే బొమ్మ కావాలంటే అది అమ్ముతారట. డెబ్బై ఆరో సంవత్సరం క్యాలెండర్ల కోసం కొత్త బొమ్మలు వెతుకుతున్న వాళ్ల మనిషి మర్నాడు గన్నవరంలో విమానం దిగి, ఆల్బం చూస్తానన్నాడు. పెళ్లిళ్లూ పాస్‌పోర్టు సైజులూ తీసి విసిగిపోయిన ఏసుపాదం ఏడాదిగా కృష్ణానది లంకల్లోనూ కొల్లేటి గట్ల మీదా తిరిగి ఆ ఆల్బం కూర్చాడు. పడవలున్నాయి, వలలున్నాయి, గంపతో చేపలమ్మే పేరమ్మ ఉంది. మొదటి పేజీ మాత్రం అత్త కోసం ఖాళీగా ఉంచాడు. నన్ను నన్నుగానే చూపించాలని మాట తీసుకున్నాకే ఆవిడ కెమెరా ముందు నవ్వింది. సాయంత్రం చూడ్డానికి వస్తోంది కూడా.

నెగెటివ్‌ను కిటికీ దగ్గర ఎత్తిపట్టి భూతద్దంతో చూశాడు. నెగెటివ్‌లో లోకమంతా తలకిందులు. తెల్లనిది నల్లగా, నల్లనిది తెల్లగా కనిపిస్తుంది. నుదుటి దగ్గర ఎవరో బ్లేడుతో పొర గీకేశారు. అక్కడ గాజులా తేటపడింది. తేటపడిన చోటల్లా ఫోటోలో నలుపే. పొరపాటున పడ్డ గీత కాదది. గుండ్రంగా, శ్రద్ధగా గీకారు.

అనుమానం స్టూడియోలో ఫోటోలకు మెరుగులు దిద్దే రామకోటేశ్వరరావు మీదకు పోయింది. బొట్టులేని ఆడమనిషి బొమ్మ ఏ పచారీకొట్టు క్యాలెండరు మీదకీ ఎక్కదని మొన్ననే అన్నాడు. అడిగితే ఆయనకు చిర్రెత్తింది.

"బొట్టే పెట్టాలనుకుంటే ఫోటో మీద ఇంకు చుక్క చాలయ్యా. నెగెటివ్ తగలేసుకునే వెర్రివాణ్ణా నేను?"

అదీ నిజమే. గోడమీది చిన్నఫోటోనే మళ్లీ ఫోటో తీస్తే పెద్దది చేసుకోవచ్చని కూడా ఆయనే ధైర్యం చెప్పాడు. కానీ చేసిందెవరు? దొంగైతే ఎత్తుకుపోవాలి. గిట్టనివాడైతే చింపెయ్యాలి. బొట్టు పెట్టి పోయే శత్రువు ఎక్కడైనా ఉంటాడా? ఎటు తిప్పి చూసినా ఏసుపాదానికి అంతుచిక్కలేదు.

ఆ తికమకలో ఆరేసిన ఫోటో తీసి దాచడం మరిచిపోయాడు. సాయంత్రం జక్కయ్యతో కలిసి వచ్చిన సువార్తమ్మ కన్ను ముందు దాని మీదే పడింది.

"మద్రాసోళ్ల కోసం మీ అత్తకి బొట్టు పెట్టావట్రా?"

ఏసుపాదం ప్రమాణం చేశాడు. రామకోటేశ్వరరావు ఆయన దేవుడి మీద ఆయన ఒట్టేశాడు. సువార్తమ్మ గోడకున్న చిన్నఫోటో కూడా పీకి ఒళ్లో బోర్లా పెట్టుకుంది.

"పెట్టినోడెవరో తేలాలి. అప్పటిదాకా నా మొహం ఈ గది దాటదు. నువ్వు కూడా నా గడప తొక్కొద్దు."

ఏసుపాదం నెగెటివ్ ఆవిడ చేతికిచ్చి, గీకినచోటు చూపించి, తెల్లనిది ఇందులో నల్లగా కనిపిస్తుందని మాత్రం చెప్పాడు. వెనక నిలబడి వింటున్న జక్కయ్య ఉన్నట్టుండి స్టూలు మీద కూలబడ్డాడు.

"తెల్లది నల్లగానా," అన్నాడు. "వాణ్ణేం అనకే. నేనే చేశాను. నిన్న నేనిటొచ్చేసరికి వాడు ముందుగదిలో ఎవరికో ఫోటో తీస్తున్నాడు. బల్లమీద ఇది ఉంటే వెలుతురుకి పెట్టి చూశాను. నీ నుదుట ఇంత నల్లచుక్క. జుట్టు తెల్లగా, పళ్లు నల్లగా ఉంటే ఇంకా సరిగ్గా కడగలేదు గావాల అనుకున్నా. చుక్క మాత్రం బొట్టే అనుకున్నా. క్యాలెండరు మోజులో పెట్టుకున్నావనుకున్నా. అడిగితే నీచేత అబద్ధం ఆడించినవాణ్ణవుతానని అడగలేదే సువార్తా. సంఘంలో ఎవరి కంటా పడకూడదని బల్లమీదున్న బ్లేడు తీసుకుని గీకేశాను. చెమట చుక్కని నాకేం తెలుసు? నీకు లేని బొట్టు తీసెయ్యబోయి నేనే పెట్టాను. ఒళ్లోది వాడికిచ్చెయ్, మద్రాసోళ్లకి చూపించుకుంటాడు. అందులో నువ్వు నీలాగే ఉన్నావు."